సుబ్బుకు ఆకలేస్తే కర్త ఎవరు? కారకం వాక్యనిర్మాణమా, అర్థమా?

అలిపిరి_మెట్టు

తిరుపతిలో కొంతమందిమి కలిసి తెలుగు వాక్యాలకు చెట్లు, అంటే ఏ మాట దేనికి తగులుతుందో చూపే పటాలు, గీసే పని మొదలుపెడుతున్నాం. జిల్లా వార్తలు, కరపత్రాలు, బస్టాండు ప్రకటనలు, ఇలా అంతా వాడుక తెలుగే. ముందుగా ఒకటి తేల్చుకోవాలి. క్రియను చెట్టుకు వేరుగా (మూలంగా) పెట్టి, కర్తకు కె1, కర్మకు కె2 అంటూ పాణినీయ పద్ధతిలో కారకాల (క్రియతో నామాలకుండే సంబంధాల) గీతలు గీయాలా? లేక నామబంధం, క్రియాబంధం అంటూ పదబంధాల చెట్టు కట్టాలా?

మాలో రెండు పక్షాలున్నాయి. కారకమంటేనే అర్థం కాబట్టి గీత గీస్తే సగం అర్థం చేతికొచ్చినట్టే అని ఒక పక్షం. కారకం నిర్మాణాన్నీ అర్థాన్నీ కలగలిపేస్తుంది, తర్వాత తేడా ఎక్కడొచ్చిందో పట్టుకోలేమని రెండో పక్షం. తగువు "సుబ్బుకు ఆకలేసింది" అనే వాక్యం దగ్గర మొదలైంది. ఇందులో కర్త సుబ్బా, ఆకలా?

దయచేసి వాక్యాలు చూపించి మాట్లాడండి. పాణిని గొప్పా, అమెరికా భాషాశాస్త్రవేత్త చామ్‌స్కీ గొప్పా అనే పంచాయితీ వద్దు.

శాబ్దబోధ

అయ్యా, కారకమంటే అర్థమేననే పక్షానికి పాణిని సాక్ష్యం చెప్పడు. ఆయన సంస్కృత వ్యాకరణం అష్టాధ్యాయిలో కారకాల ప్రకరణం 1.4.23తో మొదలై 1.4.55తో ముగుస్తుంది. పైపైన చూస్తే సూత్రాలన్నీ అర్థం గురించే అనిపిస్తాయి. విడిపోయేటప్పుడు స్థిరంగా ఉండేది అపాదానం (1.4.24), క్రియ నెరవేరడానికి అన్నిటికన్నా ఎక్కువ సాయపడేది కరణం (1.4.42), కర్త అన్నిటికన్నా ఎక్కువగా కోరేది కర్మ (1.4.49), స్వతంత్రమైనది కర్త (1.4.54).

ఇప్పుడు 1.4.46 చూడండి. శీఙ్ (పడుకొను), స్థా (నిలుచు), ఆస్ (కూర్చొను) ధాతువులకు ముందు 'అధి' చేరితే ఆధారం కాస్తా కర్మ అయిపోతుంది. "హరిః వైకుంఠమ్ అధిశేతే", హరి వైకుంఠంలో పడుకున్నాడు. హరి పడుకున్న చోటు అదే, పడుకున్న తీరూ అదే. ఉపసర్గ ఒకటి వచ్చి చేరేసరికి అధికరణం (ఆధారం) కర్మ అయింది. కారకం లోకంలోని అర్థమే అయితే ఇలా మారడానికి వీల్లేదు. వండే గిన్నె సంగతీ అంతే. "స్థాల్యాం పచతి" (గిన్నెలో వండుతున్నాడు) అంటే అధికరణం, "స్థాల్యా పచతి" (గిన్నెతో వండుతున్నాడు) అంటే కరణం, "స్థాలీ పచతి" (గిన్నె వండుతోంది) అంటే కర్త. గిన్నె ఒకటే, చెప్పేవాడి వివక్ష, అంటే చెప్పదలచిన తీరు, మారింది. కాబట్టి కారకం లోకార్థానికీ విభక్తికీ నడుమ ఉన్న మెట్టు.

మీ వాక్యానికి 1.4.33 దారి చూపిస్తుంది. రుచించడం అనే అర్థమున్న ధాతువులతో ఇష్టపడేవాడు సంప్రదానం, మామూలుగా ఇచ్చినదాన్ని తీసుకునేవాడికి ఉండే కారకం. "హరయే రోచతే భక్తిః" (హరికి భక్తి రుచిస్తుంది) అన్నప్పుడు ఇష్టపడేది హరి, కర్త మాత్రం భక్తి. ఆ లెక్కన "సుబ్బుకు ఆకలేసింది"లో కర్త ఆకలి, సుబ్బు సంప్రదానం.

చెట్టుకొమ్మ

శాబ్దబోధ శాస్త్రిగారూ, 1.4.46 మాట బాగుంది. కానీ సంస్కృతానికి రాసిన 1.4.33ను తెలుగు మీద పెట్టేముందు తెలుగు ఏమంటోందో అడగాలి కదా. రెండు పరీక్షలు పెడతాను.

మొదటిది 'తన' పరీక్ష. "సుబ్బుకు తన అన్నంటే భయం" అంటే భయం సుబ్బుకు, అన్న సుబ్బు అన్న. "సీత సుబ్బుకు తన ఫోను ఇచ్చింది" అంటే ఫోను సీతది. రెండు చోట్లా సుబ్బు పక్కన అదే 'కు'. మొదటి వాక్యంలో 'తన'ను పట్టుకున్నాడు, రెండోదాంట్లో పట్టుకోలేకపోయాడు.

రెండోది క్త్వార్థక పరీక్ష, అంటే 'విని', 'ఎక్కి' లాంటి రూపాలతో. "ఆ మాట విని సుబ్బుకు కోపమొచ్చింది". విన్నది ఎవరు? సుబ్బు. "ఆ మాట విని సుబ్బుకు సీత డబ్బిచ్చింది". ఇక్కడ విన్నది సీత. సుబ్బు విన్నాడని అర్థం తెప్పించడానికి ఎంత తంటాలు పడ్డా రాదు.

ఇచ్చేటప్పుడు తీసుకునే 'కు' వేరు, అనుభవించే 'కు' వేరు. రెండిటికీ సంప్రదానమని ఒకే చీటీ అంటిస్తే ఈ తేడా చెట్టులోంచి మాయమవుతుంది. ఇంకోటి. సంస్కృతంలో ఈ రూపాలనిచ్చే క్త్వా ప్రత్యయానికి రెండు క్రియలకూ కర్త ఒకరే కావాలని చెప్పింది పాణినే, 3.4.21లో, "సమానకర్తృకయోః పూర్వకాలే" అని. ఆ సూత్రం తెలుగుకూ వర్తిస్తుందంటే 'విని'కి కర్త అయిన సుబ్బే 'కోపమొచ్చింది'కీ కర్త కావాలి. 1.4.33 ప్రకారం కాకూడదు. మీ రెండు సూత్రాలూ ఈ ఒక్క వాక్యంలో ఢీకొంటాయి.

శాబ్దబోధ

ఢీకొనవు. 'కోపం', 'వచ్చు' రెండూ వేర్వేరు పదాలని మీరు ముందే అనుకున్నారు. 'కోపమొచ్చు' అంతా కలిపి ఒకే క్రియ అనుకోండి, 'కోపగించు' లాగా. అప్పుడు సుబ్బే కర్త. ఈ తరగతి క్రియలకు కర్త మీద 'కు' వస్తుందని తెలుగుకు వేరే సూత్రం రాసుకుంటే సరి. కర్త అంటే ప్రథమా విభక్తే అని పాణిని ఎక్కడా అనలేదు. "రామేణ రావణః హతః" (రాముడి చేత రావణుడు హతుడయ్యాడు) అన్నప్పుడు రాముడు తృతీయలో ఉన్నా కర్తే. మీ మనసులో ఉన్న 'సబ్జెక్టు' అనే వస్తువు అసలు అష్టాధ్యాయిలో లేదు.

చెట్టుకొమ్మ

ఒకే క్రియ అయితే "సుబ్బుకు కలలొచ్చాయి" అన్నప్పుడు క్రియ బహువచనంలోకి ఎందుకు పోయింది? "సుబ్బుకు ఇద్దరు కూతుళ్ళున్నారు"లో 'ఉన్నారు' ఎవరిని చూసి వచ్చింది? క్రియ వచనం, పురుష కలిపి కలలతో, కూతుళ్ళతో పొత్తు కుదుర్చుకుంది. 'తన', 'విని' సుబ్బుతో కుదుర్చుకున్నాయి. ఒక వాక్యంలో కర్త చేయాల్సిన పనిని ఇద్దరు పంచుకున్నారు. కె1 గీత ఒక్కటే ఉంటే దాన్ని ఎటు గీసినా సగం అబద్ధమే.

గుణింతం

ఈ తిప్పలు పడే హైదరాబాద్ ట్రీబ్యాంకు (గీసిన చెట్ల భాండారం) పద్ధతిలో కె4ఎ అనే చీటీ పెట్టారు, అనుభవ కర్త అని. తీసుకునేవాడికి కె4, అనుభవించేవాడికి కె4ఎ. 'ఆకలి', 'కల' లాంటివి కె1. చెట్టుకొమ్మ చెప్పిన రెండు పొత్తులూ అందులో నిలుస్తాయి. క్రియ వచనం కె1ను చూస్తుంది. తన, క్త్వార్థకం కె4ఎ ఉంటే ముందు దాన్ని చూస్తాయి, లేకపోతే కె1ను.

పనిలో తేడా వచ్చేది వేరే చోట. ఒక్క 'కు' ఎన్ని పనులు చేస్తుందో చూడండి. "సుబ్బుకు ఇచ్చాడు", "కొండకు పోయాడు", "సుబ్బుకు జ్వరమొచ్చింది", "పెళ్ళికి చీర కొన్నది", "ఐదు గంటలకు లేచాడు", "కిలోకు వంద తీసుకున్నాడు". ఆరు రకాలు, ప్రత్యయం ఒకటే. విభక్తి చూసి చీటీ వేసే అలవాటున్నవాళ్ళు ఆరింటికీ కె4 వేసేస్తారు. అర్థం చూసి వేసేవాళ్ళు "పెళ్ళికి" దగ్గర ప్రయోజనమా, సంప్రదానమా అని కొట్టుకుంటారు. అందుకే ఒకే వాక్యాన్ని ఇద్దరితో విడివిడిగా గీయించి చూడాలి. గీత ఎటు పోయిందన్న లెక్క వేరు, గీత మీద చీటీ ఏమిటన్న లెక్క వేరు. రెండూ కలిపి ఒకే శాతం చెప్తే గీతల దగ్గర కుదిరిన ఒప్పందం చీటీల దగ్గరి గొడవను కప్పేస్తుంది. చీటీలకు కోహెన్ కప్పా అనే కొలత కట్టండి. ఊరికే కుదిరే ఒప్పందాన్ని అది తీసేస్తుంది.

కుప్పం_పలక

చెట్టుకొమ్మ అన్నా, మీ పరీక్షలు మంచివే గానీ మీరు చెప్పినంత నున్నగా లేవు.

శత్రర్థకం, అంటే 'వింటా' (వింటూ) లాంటి రూపం, పెట్టి చూడండి. "పాట వింటా సుబ్బు నిద్రపోయినాడు" బాగుంది. "పాట వింటా సుబ్బుకు నిద్రొచ్చింది" అంటే మా పక్క చెవికి ఆనదు, "వింటా ఉంటే" అనాల. 'విని' అయితే ఒప్పుకున్న 'కు' 'వింటా' అయితే ఎందుకు ఒప్పుకోదు? కర్తృత్వం అనేది ఉందీ లేదూ అని చెప్పే గుణమైతే రెండూ ఒకే జవాబివ్వాల.

ఇంగోటి. క్త్వార్థకానికి ఒకే కర్త కావాలనేది కూడా గట్టి నియమం కాదు. "సుబ్బు వచ్చి సీత పోయింది" అంటే ఎవరూ ఒప్పుకోరు. "వాన పడి రోడ్డు కొట్టుకుపోయింది" అంటే ఎవరికీ అభ్యంతరం లేదు. కర్తలు వేరే కదా, వాన ఒకటి, రోడ్డు ఒకటి. ఎవరి ఇష్టంతోనూ పని లేని సంఘటనలు రెండు, ఒకటి రెండోదానికి కారణం, అట్లయితే తెలుగు ఊరుకుంటుంది. ఈ మినహాయింపును చెట్టు ఆకారంతో ఎట్లా చెప్తారు? అది అర్థం చూసి ఇచ్చిన సడలింపు.

"కావాలని" అనే మాటతో కర్తను పట్టొచ్చని కొందరు చెప్తుంటారు. "సుబ్బు కావాలని ఆలస్యం చేసినాడు" సరే, "సుబ్బుకు కావాలని కోపమొచ్చింది" కుదరదు, కాబట్టి సుబ్బు కర్త కాడంట. "చెట్టు కావాలని పడింది" కూడా కుదరదు. అందుకని చెట్టు కర్త కాకుండా పోయిందా? ఆ మాట పట్టేది ఇష్టాన్ని, కర్తను కాదు.

పాకాల_జంక్షన్

ఇంతకీ సుబ్బుకు అన్నం పెట్టినారా లేదా?

చెట్టుకొమ్మ

పెడదాం, ముందు కొండకు పంపిద్దాం. కారకాల చెట్టు నాకు చాలదనడానికి అసలు కారణం ఈ వాక్యం: "సుబ్బు బస్సెక్కి కొండకు పోలేదు."

తిరుపతిలో ఈ వాక్యానికి మూడు అర్థాలు వస్తాయి. బస్సెక్కాడు గానీ కొండకు పోలేదు, అలిపిరిలోనే దిగిపోయాడు. కొండకు పోయాడు గానీ బస్సులో కాదు, 3550 మెట్లెక్కి పోయాడు. బస్సూ ఎక్కలేదు, కొండకూ పోలేదు, ఇంట్లోనే ఉన్నాడు.

గుణింతం గారి పద్ధతిలో చెట్టు గీస్తే 'బస్సు', 'ఎక్కి' విడదీశాక ఐదు మాటలు, నాలుగు గీతలు. 'పోలేదు' చెట్టుకు వేరు. దానికి సుబ్బు కె1, కొండకు కె2పి (చేరే చోటు), 'ఎక్కి' క్రియావిశేషణం, 'ఎక్కి' కింద బస్సు కె2. మూడు అర్థాలకూ ఇదే చెట్టు, ఒక్క గీత కూడా మారదు. 'లేదు' క్రియలోనే కరిగిపోయింది కాబట్టి అది దేన్ని కాదంటోందో చెప్పడానికి చోటే లేదు. పదబంధాల చెట్టులో వ్యతిరేకానికి సొంత స్థానం ఉంటుంది. క్త్వార్థక బంధం దాని కింద చేరితే వ్యతిరేకం ఎక్కడాన్నీ తాకుతుంది, పైన చేరితే తాకదు.

అర్థం కోసం చెట్టును వంచుతున్నానంటారేమో, విడిగా సాక్ష్యం ఉంది. "బస్సెక్కి సుబ్బు కొండకు పోలేదు" అని మాట జరపండి. 'బస్సెక్కి'ని గట్టిగా ఒత్తి పలికితే తప్ప మెట్లెక్కి పోయిన అర్థం రాదు. బంధం కర్తకు ముందుకు పోయింది, అంటే పైన చేరింది, వ్యతిరేకం పరిధి దాటిపోయింది.

చామ్‌స్కీ 1957లో 'సింటాక్టిక్ స్ట్రక్చర్స్' పుస్తకంలోనే వాక్యం నిర్మాణపరంగా సరైనదా అన్న ప్రశ్నను అర్థముందా అన్న ప్రశ్న నుంచి విడదీశాడు. ఆ పుస్తకంలోనే, గదిలో అందరికీ రెండు భాషలు తెలుసన్న వాక్యాన్ని కర్మణిలోకి తిప్పితే అర్థం కదులుతుందని కూడా చూపించాడు. మాటల స్థానం అర్థాన్ని మారుస్తుందన్న సంగతి ఈ వాదం పుట్టిననాటి నుంచీ ఉంది. తెలుగులో కర్మణి అరుదు కాబట్టి ఆ పని మాటల వరస చేస్తుంది. "ప్రతి పిల్లాడూ ఒక పాట పాడాడు" అంటే పాటలు వేరువేరు కావచ్చు. "ఒక పాటను ప్రతి పిల్లాడూ పాడాడు" అంటే అందరిదీ ఒకే పాట.

గుణింతం

కారక చెట్టులో మాటల వరస పోదు కదా, గీతలతో పాటే ప్రతి మాటకూ వరస సంఖ్య ఉంటుంది. "రవి సీతకు పుస్తకం ఇచ్చాడు" అనే నాలుగు మాటల్ని 24 రకాలుగా పేర్చొచ్చు. తెలుగులో వాటిలో చాలా భాగం ఏదో ఒక సందర్భంలో చెల్లుతాయి. 24కీ గీతలు అవే ఉండటం ఈ పద్ధతి బలం. పదబంధాల చెట్టయితే జరిగిన ప్రతి మాటకూ వెనక ఖాళీ గుర్తు పెట్టి, ఎక్కడినుంచి జరిగిందో చెప్పుకుంటూ పోవాలి. మన దగ్గర గీసేవాళ్ళు ఆ ఖాళీ గుర్తుల దగ్గరే తప్పుతారు.

అర్థానికి వద్దాం. కారక గీతల్ని తర్కంలోకి దించడం సులువు. తత్వవేత్త డేవిడ్సన్ 1967లో చూపించినట్టు క్రియకు ఒక సంఘటనను ఇవ్వండి. "సుబ్బు బస్సెక్కాడు" అంటే ఎక్కడం అనే సంఘటన ఒకటి ఉంది, దాని కర్త సుబ్బు, దాని కర్మ బస్సు. ప్రతి గీతా ఒక చిన్న వాక్యం అవుతుంది, అన్నిటినీ 'మరియు'తో కలిపితే చాలు. క్రియను నడుమ పెట్టి మిగతావన్నీ దానికి తగిలించే పాణినీయ చెట్టుకు ఇది అచ్చంగా సరిపోతుంది.

వ్యతిరేకం వచ్చినప్పుడు 'మరియు' చాలదు, అది నిజం. మీ వాక్యంలో సంఘటనలు రెండు, ఎక్కడం, పోవడం. 'లేదు' పోవడాన్ని మాత్రమే కొట్టేస్తే అలిపిరిలో దిగిపోయిన అర్థం. రెండిటినీ కలిపి కొట్టేసి, పోవడం మాత్రం జరిగిందని సందర్భం చెప్తే మెట్ల అర్థం. అదీ జరగలేదని చెప్తే ఇంట్లో ఉన్న అర్థం. అంటే చివరి రెండూ వేరు వేరు అర్థాలు కావు, ఒకే అర్థానికి రెండు సందర్భాలు. మీ చెట్టు కూడా వాటిని విడదీయదు, గమనించారా? 'లేదు' కింద చేరిన బంధం ఒక్కటే కదా.

మిగిలిన రెండింటి కోసం చెట్టునే రెండు చేయనక్కరలేదు. మినిమల్ రికర్షన్ సెమాంటిక్స్ అని 2005లో స్థిరపడిన పద్ధతి ఉంది, పరిధిని తేల్చకుండా వదిలి "ఇది దానికన్నా పైన ఉండకూడదు" వంటి షరతులు మాత్రం రాసుకుంటారు. చెట్టు ఒకటే, పరిధికి వేరే గడి.

శాబ్దబోధ

గుణింతం గారు క్రియను నడుమ పెట్టి సంతోషిస్తున్నారు. అది వైయాకరణుల మతం మాత్రమే. శాబ్దబోధ, అంటే వాక్యం విన్నవాడికి కలిగే అర్థజ్ఞానం, దాని గురించి మూడు పక్షాలున్నాయి. "చైత్రః తండులం పచతి" (చైత్రుడు బియ్యం వండుతున్నాడు) వింటే వైయాకరణుడికి (వ్యాకరణవేత్తకు) ముఖ్యంగా తోచేది వ్యాపారం: చైత్రుడు కర్తగా, బియ్యం మెత్తబడడానికి అనుకూలంగా జరిగే పని. వేదవాక్యాల అర్థం విచారించే మీమాంసకుడికి భావన, అంటే ఫలాన్ని పుట్టించే ప్రవృత్తి, ముఖ్యం. నైయాయికుడికి (తర్కశాస్త్రవాదికి) ప్రథమాంతం, అంటే ప్రథమా విభక్తిలో ఉన్న మాట, ముఖ్యం: బియ్యం మెత్తబడడానికి అనుకూలమైన ప్రయత్నం గలవాడు చైత్రుడు. వాక్యం ఒకటే, బోధ మాత్రం మూడు రకాలుగా చెప్పారు.

తెలుగులో ఈ తేడా పుస్తకాల్లో ఉండిపోదు. "సుబ్బు కండక్టరు". క్రియ ఏదీ? వైయాకరణుడు 'అస్తి' (ఉన్నాడు) అనే లేని మాటను ఊహించి చేరుస్తాడు, అదే అధ్యాహారం. ఖాళీ క్రియ ఒకటి చొప్పించే మీ ట్రీబ్యాంకు అలవాటు అదే. తెలుగులో ఏ క్రియ చొప్పిస్తారు? "సుబ్బు కండక్టరు ఉన్నాడు" అంటే వాక్యం చెడింది. "అవుతాడు" అంటే ఇంకా కాలేదని, లేకపోతే చుట్టరికమని అర్థం. పైగా "నేను కండక్టర్ని", "నువ్వు కండక్టరువి", "మేము కండక్టర్లం". పురుష ప్రత్యయం నామం మీదే కూర్చుంది. క్రియ చేయాల్సిన పనిని నామమే చేస్తుంటే కనపడని క్రియ దేనికి? ఇక్కడ నైయాయికుడి మాటే తెలుగుకు నప్పుతుంది.

అలాగని ఆయన మాట అంతటా చెల్లదు. ఆఖ్యాతానికి (క్రియ చివరి ప్రత్యయానికి) ప్రయత్నమని అర్థం చెప్తే "రథో గచ్ఛతి" (రథం పోతోంది) దగ్గర లక్షణ, అంటే అసలు అర్థం వదిలి పక్క అర్థం, పట్టుకోవాలి, రథానికి ప్రయత్నం లేదు కనుక. "బస్సు పోయింది" దగ్గరా అదే ఇబ్బంది.

గుణింతం

నామాన్నే చెట్టుకు వేరుగా పెట్టడానికి నాకు అభ్యంతరం లేదు, అన్ని భాషలకూ ఒకే తీరు చెట్లు గీసే యూనివర్సల్ డిపెండెన్సీస్ పద్ధతిలో ఎలాగూ అదే చేస్తారు. కానీ ముఖ్యవిశేష్యం (బోధలో ముఖ్యంగా తోచేది) అంటే చెట్టుకు వేరు అని మాత్రం తీసుకోకండి. "కండక్టర్ని"ని వేరుగా పెడితే వేరు విధేయమైంది (చెప్పే సంగతి), నైయాయికుడు చెప్పే ముఖ్యవిశేష్యం ఉద్దేశ్యమైన (ఎవరి గురించి చెప్తున్నామో ఆ) 'నేను'. తిరగబడింది చూడండి.

కుప్పం_పలక

అధ్యాహారం మాట వచ్చింది కాబట్టి ఇది చూడండి. ఏ చెట్టుకూ లొంగదు: "తాను గెలిచానని సుబ్బు అన్నాడు."

రోజూ పేపర్లో వచ్చే వాక్యమే. 'తాను' ప్రథమ పురుష, 'గెలిచాను' ఉత్తమ పురుష. కర్తా క్రియా పొత్తు చూసే ఏ ప్రోగ్రామైనా దీన్ని తప్పని ఎర్రగీత పెడుతుంది. "తను గెలిచాడని సుబ్బు అన్నాడు" అని సరిదిద్దితే, గెలిచింది ఇంకెవరో అన్న అర్థం ముందుకొస్తుంది. తప్పు అనిపించే పొత్తే సరైన అర్థం ఇస్తా ఉండాది.

ఇదంతా సుబ్బు మాటల్ని ఉన్నది ఉన్నట్టు చెప్పడమే కదా అంటారా? "తాను ఏ వార్డులో గెలిచానని సుబ్బు అన్నాడు?" అని అడగండి. 'ఏ వార్డు' అనే ప్రశ్న బయటి వాక్యానికి అతుక్కుంది, అడిగేది మనం. ఉద్ధరణ చిహ్నాల నడుమ ఉన్న ప్రశ్న బయటికి రాదు. కాబట్టి ఇది ఉద్ధరణ కాదు. 'అని' కింద క్రియ చూసేది పక్కనున్న 'తాను' అనే మాట రూపాన్ని కాదు, ఆ మాట ఎవరి నోట్లోంచి వచ్చిందన్న సంగతిని. 'అని' లేకుండా విడిగా "తాను గెలిచాను" అనే వాక్యం లేదు చూడండి. పొత్తు అనేది అచ్చంగా నిర్మాణానిదే అనేవాళ్ళు దీనికి జవాబు చెప్పాల.

చెట్టుకొమ్మ

జవాబుంది. 'తాను'కు పురుష లక్షణం ముందే ఖాయమై లేదు. 'అని' తెచ్చే వాక్యంలో చెప్పినవాడి స్థానమొకటి ఉంటుంది, 'తాను' దానికి ముడిపడితే ఉత్తమ పురుష వస్తుంది, పడకపోతే ప్రథమ పురుష. అదే మీరు చూపించిన రెండర్థాల తేడా. అర్థం పొత్తును నడిపించలేదు, ఒకే ముడి రెండిటినీ నడిపించింది.

కుప్పం_పలక

సరే, ఒప్పుకుంటా. ధాతుజ విశేషణాల దగ్గర ఏం చెప్తారో చూద్దాం.

"పులి చంపిన మనిషి", "పులిని చంపిన మనిషి". ఇక్కడ 'ని' ఒక్కటే చచ్చిందెవరో చెప్పేసింది. నిర్మాణం గెలిచింది. "వంట చేసిన అబ్బాయి", "వంట చేసిన గిన్నె", "వంట చేసిన రోజు". మూడింటికీ రూపం ఒకటే. అబ్బాయి కర్త, గిన్నె అధికరణం, రోజు కాలం. ఏది ఏదో మాటల్లో ఎక్కడా లేదు, గిన్నె వండదని మనకు తెలుసు కాబట్టి తెలిసింది. శాస్త్రిగారు దీన్ని యోగ్యత అంటారు, మాటల అర్థాలు ఒకదానికొకటి పొసగడం. "అగ్నినా సించతి", అంటే నిప్పుతో తడుపుతున్నాడనే వాక్యాన్ని ఆపేది ఆ యోగ్యతే కదా.

ఇంతవరకు రెండు పద్ధతులూ ఎట్లనో ఈదుతాయి. పదబంధాలవాళ్ళు విశేషణ వాక్యంలో ఖాళీ ఉందంటారు, గిన్నె అక్కడినుంచి వచ్చిందంటారు. కారకంవాళ్ళు గీత వెనక్కి తిప్పి కె7 (అధికరణం) అంటారు. "ఎవరో నడిచిన చప్పుడు"కు ఏం చేస్తారు? "పాలు మాడిన వాసన"కు? నడకలో చప్పుడుకు ఖాళీ ఏదీ? "చప్పుడు ఎవరో నడిచారు" అనలేం, "చప్పుడుతో నడిచారు" అంటే వేరే అర్థం. నడవడానికి చప్పుడు ఏ కారకమూ కాదు. ఖాళీ లేదు, కారకం లేదు, వాక్యం మాత్రం లక్షణంగా ఉండాది.

శాబ్దబోధ

దీనికి కారకమే కావాలని లేదు. క్రియతో నేరుగా అన్వయించనిదానికి కారకేతర సంబంధమని చెప్పుకుంటాం, షష్ఠిలాగా. "సుబ్బు ఇల్లు"లో సుబ్బుకూ ఇంటికీ ఉన్న సంబంధం యాజమాన్యమో, అద్దెనో, కట్టడమో వాక్యం చెప్పదు. "నడిచిన చప్పుడు"లోనూ అంతే. జన్యజనక భావం, నడక వల్ల పుట్టిన చప్పుడు. సంబంధముందని నిర్మాణం చెప్తుంది, ఏ సంబంధమో యోగ్యత చెప్తుంది.

చెట్టుకొమ్మ

ఇది నాకూ ఒప్పుదలే. అట్లయితే 'వంట చేసిన గిన్నె'కు మాత్రం కె7 ఎందుకు వేస్తున్నట్టు? రూపం ఒకటే అన్నారు కదా. నిర్మాణం చెప్పనిదాన్ని గీసేవాడు తన లోకజ్ఞానంతో నింపి చెట్టులో రాస్తే, తర్వాత ఆ చెట్లమీద నేర్చుకున్న ప్రోగ్రాము గిన్నెల గురించి నేర్చుకుంటుంది, తెలుగు గురించి కాదు.

గుణింతం

ఈ ఒక్క చోట చెట్టుకొమ్మ పక్షం. అలిపిరి గారూ, మీ పనికి నేను సూచించే వరస ఇది.

మొదట సంధి విడదీయండి, రాసిన రూపాన్ని మాత్రం పక్క గడిలో దాచండి. 'గెలిచానని' అంటే 'గెలిచాను', 'అని'. 'బస్సెక్కి' అంటే 'బస్సు', 'ఎక్కి'. ఇక్కడ తప్పితే తర్వాతి సంఖ్యలన్నీ ఒక్కో గడి జరిగిపోతాయి. 'పోతున్నాడు' ఒకే మాట, కుప్పం పక్క వాడే 'పోతా ఉండాడు' రెండు మాటలు. రెండోదాంట్లో 'ఉండాడు' సహాయక క్రియ, వేరు 'పోతా'కే ఇవ్వండి. లేకపోతే కడపకూ గుంటూరుకూ వేరు వేరు చెట్లు వస్తాయి. తర్వాత చెట్టు వేరు తేల్చండి, క్రియ లేకపోతే విధేయ నామమే. ఆ తర్వాత గీతలు, చీటీలు వేయకుండా. చీటీలు వేరే పూట వేయండి.

'కు' వచ్చిన ప్రతిచోటా 'తన' పరీక్ష, 'విని' పరీక్ష రెండూ పెట్టండి. రెండూ నెగ్గితే కె4ఎ. ఒకటి నెగ్గి ఒకటి ఓడితే అనుమానం గుర్తు పెట్టి వదిలేయండి, అక్కడ బలవంతంగా తేల్చొద్దు. ధాతుజ విశేషణానికి చెట్టులో ఒకే చీటీ, కర్తా గిన్నా రోజూ చప్పుడూ ఏదైనా. కారకం తెలిస్తే అర్థపు గడిలో రాయండి. 'అని' కింద పొత్తు తప్పుల్ని ప్రోగ్రాము ఎత్తిచూపినా సరిదిద్దొద్దు.

అలిపిరి_మెట్టు

మొదటి విడత ఈ వరసలోనే చేస్తాం. పరిధి గడి దగ్గర మాత్రం ఒక సందేహం. "బస్సెక్కి కొండకు పోలేదు" అని కాగితం మీద ఉంటే ఏ అర్థమో గీసేవాడికి ఎలా తెలుస్తుంది? ఒత్తి పలికింది వినిపించదు కదా.

శాబ్దబోధ

ఆకాంక్ష (మాటకు మాట కావాలనిపించడం), యోగ్యత, ఆసత్తి (మాటలు దగ్గరగా ఉండటం) మూడూ ఉన్నా తాత్పర్యం (చెప్పేవాడి ఉద్దేశం) తెలియకపోతే బోధ కలగదని అందుకే నాలుగోది చేర్చారు. వాక్యాన్ని ఒంటరిగా ఇవ్వకండి. ముందు రెండు వాక్యాలు, వెనక ఒకటి కలిపి చూపించండి. అప్పటికీ తేలకపోతే గడి ఖాళీగా ఉంచండి.

గుణింతం

ఖాళీ వద్దు స్వామీ. ఖాళీ అంటే చూడలేదనా, చూసినా తేలలేదనా? 'తేలలేదు' అని రాయించండి.